బరాత్‌కు పోయిన నీలం ఫియట్

ఆదివారం లోపల కావలసిన పనులు ఇవి. రేడియేటర్ విప్పి తుప్పు కడగాలి. పిట్లంలో ఉన్న బావమరిదిని బతిమాలి బ్యాటరీ తేవాలి. హారన్ నొక్కితే వైపర్ తిరుగుతోంది, వైపర్ తిప్పితే ఏమీ కావడం లేదు. రెండింటికీ బుద్ధి చెప్పాలి. వెనుక ఎడమ తలుపుకు కట్టిన తాడు తీసి గొళ్ళెం పెట్టించాలి. వెనుక సీటు కింద గుడ్లు పొదుగుతున్న కోడిని, అది ఒప్పుకుంటే, గంపలోకి మార్చాలి. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి కనీసం మూడుసార్లు ఎక్కడా ఆగకుండా పోయి రావాలి. ఇదంతా భూదేవి నోటికి చిక్కకుండా జరగాలి.

చివరిదొక్కటీ ఆశన్న వల్ల కాలేదు.

ఆశన్న ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ జీపు నడిపి రిటైరైన మనిషి. అన్నేళ్ళూ చేతిలో స్టీరింగ్ ఉన్నా, ఎటు తిప్పాలో వెనుక కూర్చున్న సారే చెప్పేవాడు. అందుకే రిటైరైన నెలకే తనకంటూ నీలం రంగు పాత ఫియట్ కొన్నాడు. దానికి తోడు లేదని తెల్ల అంబాసిడర్ కొన్నాడు. రెండూ ఆడపిల్లల్లా ఉన్నాయని, కాపలాకు ఇంజిన్ లేని జీపు ఒకటి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. పొద్దున్నే మూడింటినీ కడిగి తుడిచాకే చాయ ముట్టేవాడు. ఆ చాయ కూడా జీపులో కూర్చునే తాగేవాడు.

ఆయన భార్య భూదేవి ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుంది. ఈ యాసంగి పంట మక్కజొన్నలు ఎండబోయడానికి వాకిట్లో జాగ లేక రోడ్డు మీద పోస్తే, సగం మేకలు తినిపోయాయి. ఆ సాయంత్రమే ఆమె తీర్పు చెప్పింది.

"నీ బండ్లకు వాకిలి, నా మక్కలకు రోడ్డా? కామారెడ్డి తుక్కు సేటుకు ఫోన్ చేసిన. వచ్చే సోమవారం లారీ వస్తది. మూడింటిని ఎత్తుకపోతడు."

"మూడు గూడనా?"

"నిన్ను గూడ ఎత్తుకపొమ్మన్న. మనిషిని ఏం చేసుకోను, ఇనుమైతేనే తీసుకుంట అన్నడు."

"నడిచే బండి తుక్కు ఎట్ల అయితదే?" అన్నాడు ఆశన్న.

"నడుస్తదా? గా ముచ్చట కోడికి చెప్పు, నమ్మి గుడ్లు పెడ్తది." భూదేవి మిగిలిన మక్కలను చాటలోకి ఎత్తింది. "సరే, ఇను. ఆదివారం కామారెడ్డిల మనోజ్ఞ పెండ్లి. బరాత్‌ల పిల్లను పిలగాన్ని నీ ఫియట్లనే కూసోబెట్టు. హాల్ కాడికెళ్ళి పిలగాని ఇంటిదాక ఇంజన్ బందు కావద్దు. ఎవ్వలు తోయొద్దు. మల్ల నన్నెక్కించుకొని పొద్దుగూకే వరకు ఎల్లారెడ్డిల దించు. దించితే మూడు బండ్లు ఉంటయ్. లేకుంటే లారీ వస్తది."

మనోజ్ఞ అంటే ఆశన్న తమ్ముడి కూతురు. పెళ్ళి పనుల్లో తిరుగుతున్న ఆమె అన్న సంతోష్‌కు ఈ సంగతి చెబితే, "పెద్దబాపూ, నీ పంతానికి మా చెల్లె దొరికిందా?" అని మొత్తుకున్నాడు. కానీ మనోజ్ఞకు నీలం రంగు ఇష్టం. ఫొటోలు బాగా వస్తాయంది. మాట ఖాయమైంది.

ఆశన్న వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చెప్పిన పనులన్నీ చేశాడు. కోడి కూడా ఒప్పుకుంది. లింగంపేట మీదుగా కామారెడ్డికి మూడుసార్లు పోయివచ్చాడు. వేడి చూపించే సూది నడుమ గీత దాటలేదు. "గుర్రం లెక్క ఉరుకుతున్నదే!" అని ఇంటికి వచ్చి చెప్పాడు. "గుర్రం బరాత్‌ల ఉరుకుతదా?" అంది భూదేవి. ఆ మాట ఆయన చెవిన పడింది గాని, తలకు ఎక్కలేదు.

ఎందుకంటే బరాత్ ఊరేగింపు పోయేది కాదు, నిలబడేది. ముందు డీజే బండి ఉంటుంది, దాని ముందు తీన్మార్ వేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళు పదడుగులు నడిస్తే ఒక పాట, పాటకు పావుగంట. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆశన్న ఎన్నో బరాత్‌లను హారన్ కొట్టుకుంటూ దాటిపోయాడు గాని, ఒక్కదానిలోనూ బండి నడపలేదు.

ఆదివారం మధ్యాహ్నం పెళ్ళి భోజనాలు అయ్యేసరికి, బండ్లు అలంకరించే సతీశ్ తన పని ముగించాడు. ఫియట్‌ను చూసి ఆశన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైన మల్లెలు, పక్కల గులాబీలు. ముందర, బండి మూతికి అడ్డంగా ఒక పెద్ద థర్మాకోల్ పలక, దాని నిండా ఒత్తుగా బంతిపూలు, నడుమ చామంతులతో వధూవరుల పేర్లు.

"ఎట్లుంది కాకా?" అన్నాడు సతీశ్.

"నేను రిటైరైనప్పుడు నా మెడల ఒక్కటే దండ ఏసిన్రు," అన్నాడు ఆశన్న. "నా బండి రాత మంచిగుంది."

మూడింటికి బరాత్ బయల్దేరింది. మే నెల ఎండ తారు మీద పొగలా ఆడుతోంది. వెనుక సీటులో మనోజ్ఞ, పెళ్ళికొడుకు హరీష్. ముందు సీటులో హరీష్ మేనత్త తార, ఒళ్ళో వెండి పళ్ళెం.

మొదటి పాటకు సూది నడుమ గీత దగ్గర ఉంది. రెండో పాటకు దాటింది. మూడో పాటకు సంతోష్ రోడ్డు మీద పడుకుని మరీ చిందేస్తుంటే, సూది ఎర్రగీత వైపు నడక మొదలుపెట్టింది.

"సంతోషూ, నడువుండ్రిరా, ఎగురుడు తర్వాత!" అని ఆశన్న అరిచాడు.

సంతోష్ చేతులూపాడు. పెద్దబాపు హుషారు చేస్తున్నాడనుకుని ఇంకో పాట పెట్టించాడు.

"పెద్దబాపూ, ఏసీ లేదా?" అంది మనోజ్ఞ.

"అద్దం దించు బిడ్డా."

"దిగుతలేదు."

"దిగుతది, లోపల్నుంచి ఒకలు గుంజాలె, బయటికెళ్ళి ఒకలు నూకాలె. హరీష్, నువ్వు గుంజు."

హరీష్ పెళ్ళయ్యాక చేసిన మొదటి కాపురం పని అదే.

ఒక ఇరుకు గల్లీ మలుపు దగ్గర బరాత్ పూర్తిగా నిలిచిపోయింది. బానెట్ అంచుల నుంచి సన్నగా ఆవిరి మొదలైంది. ఇంజిన్ బందు చేస్తే చల్లారుతుంది. కానీ బందు చేస్తే పందెం పోతుంది. ఆశన్న యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయలేదు. వెనుక ఆడవాళ్ళ గుంపులో నడుస్తున్న భూదేవి అద్దంలో కనబడింది. ఆమె కొంగుతో నోరు మూసుకుని ఉంది. నవ్వుతోందో, పొగకు మూసుకుందో తెలియలేదు.

సంతోష్ పరుగున వచ్చి బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చేయి వేయబోయాడు.

"ముట్టకు! మొఖం కాల్తది!" ఆశన్న దిగి అతని చేయి పట్టి లాగాడు. ఇంజిన్ మాత్రం ఆడుతూనే ఉంది. బెల్టు చూశాడు, బాగుంది. ఫ్యాన్ చూశాడు, తిరుగుతోంది. నీళ్ళ పైపు చూశాడు, ఎక్కడా కారడం లేదు. ముప్పై నాలుగేళ్ళ విద్య ఐదు నిమిషాల్లో అయిపోయింది.

ఆ మలుపు మీదే ఒక ఇంటి అరుగు. దాని మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఒక ముసలామె ఇదంతా చూస్తోంది. ఆమెను అందరూ ఎంకవ్వ అంటారు. వేళ్ళు ఆగలేదు, నోరు మాత్రం తెరిచింది.

"కొడుకా, గా బండికి ఊపిరాడుతలేదు గదా."

"నీకేం తెలుసవ్వా బండ్ల సంగతి?"

"బండ్ల సంగతి నాకేం ఎరుక. ఎద్దుల సంగతి ఎరుక. ఎద్దు మూతికి గట్టిగ బట్ట కట్టి నాగలి దున్నుమంటే దున్నుతదా? గా బండి మూతికి అంత పెద్ద అట్ట ఎందుకు కట్టిర్రు?"

ఆశన్న పలకను చూశాడు. పలక వెనుక రేడియేటర్. గాలి పోయే సందు ఒక్కటీ లేదు. మధ్యాహ్నం దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది తానేనని గుర్తొచ్చింది. పలక మీద చేయి వేశాడు.

"ఆగుండ్రి!" తార బండి దిగకుండానే అరిచింది. "పిల్ల గడప తొక్కకముందే పెండ్లి బండి పూలు పీకుతరా? అపశకునం! మా ఇంట్ల ఒప్పుకోము."

చేయి అక్కడే ఆగిపోయింది. తోడబుట్టినవాడి కూతురు, కొత్త సంబంధం. పీకితే శకునం పాడవుతుంది, పీకకపోతే ఇంజిన్ ఆగిపోతుంది. రెండూ చేయలేక ఆశన్న పలకను పట్టుకుని, దానికి దండం పెడుతున్నట్టు నిలబడ్డాడు.

ఎంకవ్వ చాట పక్కన పెట్టి దిగివచ్చింది.

"పీకుడెందుకు బిడ్డా? పంచుండ్రి. కొత్త పెండ్లికూతురు మా గల్లీల ఆగింది. ముత్తయిదులకు పూలియ్యకుండ పోతదా? ఇయ్యకుంటేనే అపశకునం." తర్వాత గల్లీ వైపు తిరిగి గొంతెత్తింది. "ఓ పల్లవీ! ఓ ఎస్తేరూ! రాండ్రే, పెండ్లికూతురు పూలు పంచుతున్నది!"

ముత్తయిదువలకు పంచడమనేసరికి తార తానే వెండి పళ్ళెం చాపి, చామంతులు అందులో పెట్టించి వెనక్కి అందించింది. గల్లీ ఆడవాళ్ళు వచ్చిన వేగానికి రెండు నిమిషాల్లో ఒక్క బంతి మిగల్లేదు. మనోజ్ఞ కిటికీలోంచి నవ్వుతూ ఆ చామంతులు అందించింది. ఖాళీ పలకను ఎంకవ్వ చంకన పెట్టుకుని, "బీడీలు పేర్చుకోను మంచిగుంటది," అని అరుగెక్కింది.

బండి మూతి తెరుచుకుంది. పాట మధ్యలో సూది ఒక గడి వెనక్కి తగ్గింది, ఇంకో పాటకు నడుమ గీతకు వచ్చింది. అప్పుడు ఆశన్న గుడ్డ చుట్టి మూత విప్పి, ఎంకవ్వ ఇచ్చిన బిందెడు నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. ఇంజిన్ ఆగలేదు. ఎవరూ తోయలేదు. హరీష్ ఇంటి ముందు ఆశన్న బ్రేకు తొక్కాకే ఫియట్ ఆగింది.

తిరుగు ప్రయాణంలో లింగంపేట దాటాక, గాలికి కొంగు ఎగురుతుంటే భూదేవి ఫోన్ తీసింది.

"సేటూ, రేపు లారీ తేకు. ఆఁ... లేదు, ఎక్కువిచ్చినా వద్దు. బండి నడుస్తున్నది. నేనందులనే ఉన్న. ఏం, ఇనబడ్తలేదా? గది ఇంజన్ సప్పుడే." ఫోన్ పెట్టేసి, "జీపు మాత్రం మక్కలకియ్యాలె. అండ్ల బస్తాలు పెట్టుకుంట," అంది. ఆశన్న కళ్ళు రోడ్డు మీదే ఉంచి తల ఊపాడు. జీపు ఇచ్చినందుకు ఆయనకు బాధ లేదు. ఎర్రటి పొద్దు ఇంకా మునగలేదు.

ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఆశన్నను అడిగితే ఈ కథ ఎవరికైనా చెబుతాడు. ఆ చెప్పేదానిలో పలక దోషం పట్టింది ఆయనే, పూలు పంచమన్నదీ ఆయనే. భూదేవి వింటూ ఊరుకుంటుంది, మొగుడికి ఆ మాత్రం గొప్ప ఉండనీ అని. అందుకే చదివేవాళ్ళను నేను అడిగేది ఒక్కటే. కామారెడ్డిలో పెళ్ళి బండి వెనుక ఎప్పుడైనా మీరు నడవాల్సి వస్తే, అది ఆగకుండా పోతుంటే, పక్క అరుగుల వైపు ఒకసారి చూడండి. ఎంకవ్వను గుర్తు పెట్టుకోండి.