పద్నాలుగో ప్రశ్నకి జవాబు

ప్రతి సెమిస్టరు ఆఖర్లో నర్సింగు కాలేజీ గుమాస్తా నీదియా కైసేదో పొడుగాటి చీపురు పట్టుకుని ఆఫీసుకి వచ్చేది. నర్సింగు విద్యార్థులు పాఠాల గురించి అభిప్రాయాలు రాసిచ్చిన కాగితాలు, కట్ట విప్పగానే లేచి పైకప్పుకి అంటుకునేవి. మనసు పెట్టకుండా ‘చాలా బాగుంది’ అని టిక్కు కొట్టిన కాగితానికి బరువుండదు కదా. నీదియా వాటిని కిందికి లాగి, సగటు కట్టి, ఐదుకి నాలుగు పాయింట్ ఏడు అని రాసి డీన్ గారికిచ్చేది. ఆయన సంతకం పెట్టేవాడు. ‘క్యాంటీన్ అన్నంలో రాళ్లు’ లాంటి నిజాలు అరకిలో తూగేవి. పదకొండేళ్లుగా ఇదే తంతు.

ఆ జూలైలో, చదువు ముగించి వెళ్లినవాళ్లకి పంపిన ఫారాల్లో ఒకటి నది ఎగువ నుంచి లాంచీలో తిరిగొచ్చింది. దాన్ని నలుగురు కూలీలు మోసుకొచ్చారు.

“ఏముందమ్మా ఇందులో, ఇంజనా?” అన్నాడొకడు చెమట తుడుచుకుంటూ.

బల్ల మీద పెడితే కాళ్లు విరిగాయి. డీన్ గది గుమ్మం ముందు నేల మీదే పరిచారు. నీదియా వంగి చదివింది. పేరు: యెసేనియా ఉర్తాదో. ప్రస్తుతం చేస్తున్న పని: చేపలు వేయించి అమ్మడం. గడులన్నీ ఖాళీ. ‘మేము మీకు నేర్పనిదేమిటి?’ అన్న పద్నాలుగో ప్రశ్న కింద మాత్రం నాలుగు ముక్కలున్నాయి: ‘బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేయాలో రబ్బరు బొమ్మ మీద ఒక్కసారి చూపించారు. మా ఊరి నుంచి ఆస్పత్రికి లాంచీలో ఆరు గంటలు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.’

“మూడొందల పన్నెండు మందిలో ఒకరు,” అన్నాడు డీన్. “సగటు మారదు. పక్కకి తీయించు.”

“కదలట్లేదు సార్. తోసి చూశాం.”

ఆ పాఠం చెప్పేది ఎర్సీలియా అంగూలో. ముప్పై ఏళ్ల సర్వీసు, ఎప్పుడూ ఐదుకి ఐదే. నీదియా కబురు పెడితే వచ్చింది. వంగి రెండుసార్లు చదివింది.

“ఈ పిల్ల గుర్తుంది. ఆ రోజు చెయ్యెత్తింది. టైమైపోయిందన్నాను.” తర్వాత అడిగింది, “ఇన్నేళ్లలో నాకెవరూ ఇలా రాయలేదేం?”

“మనం టిక్కులే అడిగాం మేడమ్.”

మర్నాడు పొద్దున్నే ఎర్సీలియా లాంచీ ఎక్కింది. ఎగువ ఊరి రేవులో పొయ్యి ముందున్న యెసేనియా ఆమెని చూడగానే లేచి నిలబడింది.

“తిట్టడానికొచ్చారా మేడమ్?”

“నేర్చుకోడానికొచ్చానే తల్లీ. నాకూ బొమ్మ మీదే తెలుసు.”

యెసేనియా మాడిపోతున్న చేపని తిరగేసింది. “నాకూ రాదు. మా ఊరి మంత్రసాని తోమాసా అమ్మమ్మకి వచ్చు. ఊళ్లో సగం మందికి ఆవిడే పురుడు పోసింది. ఆ రోజు పిలుద్దామనుకున్నా. చదువుకున్నదాన్ని కదా, సిగ్గేసింది.”

తోమాసా సంగతంతా విని ఎర్సీలియాని ఎగాదిగా చూసింది. “అయితే ముప్పై ఏళ్లుగా బొమ్మలకి పురుళ్లు పోస్తున్నావన్నమాట. పిల్లలు కులాసానా?”

మూడు వారాలు ఎర్సీలియా ఆమె వెంటే తిరిగింది. పొయ్యి ఆర్పేసి యెసేనియా కూడా.

ఇక్కడ కాలేజీలో డీన్ రోజూ ఆ కాగితాన్ని దాటుకుంటూ గదిలోకి వెళ్లాడు. నాలుగో రోజున తనే వంగి చదివాడు. ఆ వారమే, ఎర్సీలియా ఉత్తరంలో రాసిన తోమాసా పేరున, పాఠాలు చెప్పమని నియామకపు ఉత్తర్వు వెళ్లింది. నీదియా ఫారంలోంచి టిక్కు గడులు తీసేసింది.

ఫిబ్రవరిలో తోమాసా మొదటి పాఠం. పేట నుంచి ఇద్దరు గర్భిణులు ఒప్పుకుని వచ్చారు. ముసలామె సంచి మోయడానికి మాత్రమే వచ్చిన యెసేనియా, సాయంత్రం లాంచీకి తిరిగి వెళ్దామని గుమ్మం దగ్గరే నిలబడింది. మంచం పక్కనున్న విద్యార్థిని ఒకమ్మాయి, కడుపులో బిడ్డ తల ఎటుందో తెలీక చేతులతో అటూ ఇటూ తడుముతోంది. యెసేనియా లోపలికి వచ్చి, ఆ చేతుల్ని పట్టుకుని నెమ్మదిగా ఎడమకి జరిపింది.

“ఆఁ, దొరికింది!” అంది అమ్మాయి. “మీరెవరక్కా? ఆవిడ మనవరాలా?”

“కాదు,” అంది యెసేనియా. ఆ బిడ్డ పోయాక రెండేళ్లుగా నోట రాని మాట ఈసారి వచ్చింది.

“నర్సుని.”