హమీదున్నీసాకు వినపడే గొంతు

పొద్దున చాయ తాగినంక అత్తాకోడళ్లిద్దరూ తలుపు దగ్గరి వెలుతురులో చాటలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. హమీదున్నీసా తడిపిన తునికాకును కత్తిరించేది, సాబేరా తంబాకు పోసి బీడీలు చుట్టేది. ఎల్లారెడ్డిలో ఆ వాడకట్టంతా అదే పని. ఈ ఇంట్లో మాత్రం మాటలుండవు. హమీదున్నీసాకు చెవులు వినపడవు.

కొడుకు ఫరీద్ పనికి సౌదీలోని దమ్మాం పోయిన ఏడు ఆమెకు విషజ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆ జ్వరం చెవులను కూడా తీసుకుపోయింది. మసీదు అజాన్ వినపడదు, ఉరుము వినపడదు, పక్కింటి సాలవ్వ పెట్టే బొబ్బలూ వినపడవు. ఒక్క సీతారాం గొంతు మాత్రం వినపడేది. సినిమాల్లో తండ్రి వేషాలు వేసే సీతారాం. అప్పటికి ఆ వాడకట్టుకు టీవీలు రాలేదు. రేడియో నాటకంలో అతను నోరు తెరవగానే ఆమె కత్తెర ఆపి తలెత్తేది. అతను మాట్లాడినంతసేపూ నవ్వేది, కళ్లనీళ్లు పెట్టుకునేది. మిగతావాళ్లు ఏమన్నారో కోడలి మొహం చూసి ఊహించుకునేది. ఇదేం వింత అని ఎవరూ అడగలేదు. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి పాలు పడవు, ఈమెకు ఒక్క గొంతే పడుతుంది, అంతే.

శ్రావణంలో లింగంపేట జహూర్ దమ్మాం నుంచి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ఫరీద్ కడుతున్న మేడ మీదనుంచి పడి చనిపోయాడని, మట్టి కూడా అక్కడే అయిందని చెప్పాడు. హమీదున్నీసా పక్కనే ఉంది. కొడుకు దోస్తు వచ్చాడని మురిసిపోయి చాయ పెట్టడానికి లేచింది.

ఆమెకు చదువు రాదు. సైగలతో చెబుదామని సాలవ్వ ఒకసారి ఫరీద్ ఫోటో చూపించి, చెయ్యి ఆకాశం వైపు తిప్పింది.

"అవును, విమానంలనే పోయిండు" అని హమీదున్నీసా నవ్వింది.

సాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత సైగ చేయడానికి ఎవరికీ చేతులు లేవలేదు.

అట్లా సాబేరా మొగుడు పోయిన మనిషిగా కూర్చోలేకపోయింది. మెడలో నల్లపూసలు, చేతులకు గాజులు అట్లాగే ఉన్నాయి. దర్గా ఉర్సులో అత్త కొత్త గాజులు కొని తొడుగుతుంటే చేతులు చాపింది. ఏడుపొస్తే అత్తకు వీపు చూపి, పొయ్యి ముందు కూర్చుని గొంతెత్తి ఏడ్చేది. వాడకట్టంతా వినేది, వెనుక కూర్చున్న మనిషి తప్ప. దోమకొండ నుంచి వచ్చిన తల్లి, వియ్యపురాలి ఎదుట కళ్లు తుడుచుకోలేక ఆ పూటే తిరుగు బస్సెక్కింది.

దసరా సెలవుల్లో కామారెడ్డిలో కథలు చదివే సభ పెట్టారు. సభ నడిపేది సీతారాం. ఆ సంగతి సాలవ్వే మోసుకొచ్చింది.

"తీస్కపో బిడ్డా. ఆయన నోట చెప్పియ్యి. ఇంకెవ్వల నోటికీ ఆ తాకతు లేదు."

సభ ఒక బడి హాల్లో జరిగింది. సీతారాం సినిమాలో కన్నా చిన్నగా, మెడకు మఫ్లరు చుట్టుకుని, దగ్గుతూ వచ్చాడు. రాసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కథలు చదువుతుంటే హమీదున్నీసా తన గోళ్లు చూసుకుంటూ కూర్చుంది. నడుమ నడుమ సీతారాం లేచి రెండు మాటలంటే తలెత్తేది. చివరికి ఒక కథ ఆయనే చదివాడు. మద్నూర్ సంతకు ఎద్దును అమ్మడానికి పోయి, అది తననే చూస్తోందని అమ్మలేక తోలుకొచ్చిన మనిషి కథ. హమీదున్నీసా నోరు తెరుచుకుని విన్నది. కోడలి చెయ్యి పట్టుకుని, "రేడియోల లెక్కనే ఉన్నది, గని ఊపిరి కూడ వినపడ్తుంది" అన్నది. ఆమె మొహంలో అంత సంతోషం సాబేరా చాలా రోజులకు చూసింది. వెనక్కి పోదామా అనిపించింది.

కథ అయిపోయి జనం లేస్తుంటే సాబేరా వేదిక పక్కకు పోయింది.

"సార్, మా అత్తకు మీ గొంతొక్కటే వినపడ్తది."

"అట్లాగా? ఏం చెప్పాలమ్మా?" అన్నాడు సీతారాం, దారి అడిగినవాడికి జవాబు చెప్పినంత మామూలుగా.

సాబేరా కొంగు సరిచేసుకుంది. ఇన్ని రోజులూ ఆ మాట అందరూ అన్నారు గానీ, తాను ఒక్కసారి కూడా అనలేదు.

"ఫరీద్ సచ్చిపోయిండని చెప్పాలె సార్. ఆమె కొడుకు. నా పెనిమిటి."

ఆయన మఫ్లరు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "వేషాల్లో ఎన్నో చావులు చెప్పాను తల్లీ. అవన్నీ ఎవరో రాసిచ్చినవి" అన్నాడు. తర్వాత దిగి వచ్చి, హమీదున్నీసా ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"అమ్మా, మీ ఫరీద్ ఇక రాడమ్మా. దమ్మాంలో పని మీద ఉండగా పడిపోయాడు. చనిపోయాడు."

ఆమె మొహం మీది నవ్వు పోవడానికి చాలాసేపు పట్టింది.

"ఎప్పుడు?"

"రెండు నెలలు దాటిందమ్మా."

"మట్టి?"

సీతారాం సాబేరాను అడిగి చెప్పాడు. "అక్కడే చేశారు. దోస్తులందరూ నమాజ్ చదివారట."

హమీదున్నీసా ఆయన్ని ఇంకా దగ్గరికి రమ్మంది. గుసగుసగా అంటున్నానని అనుకుంది గానీ, ఆ మాట హాలంతా వినపడింది.

"కోడలికి చెప్పకు సార్. దానికి తెల్వది. చేతులకు గాజులున్నయ్ చూడు. చిన్నపిల్ల. ఇంకొన్ని దినాలు ఏస్కోనియ్యి."

కుర్చీలు సర్దుతున్నవాళ్లు ఆగిపోయారు. సీతారాం సాబేరా వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ఆమెకు తెలుసమ్మా. నాతో చెప్పించింది ఆమే."

హమీదున్నీసా కోడలి వైపు తిరిగింది. చెయ్యి ఒళ్లోకి తీసుకుని, పగలగొట్టకుండా ఒక్కొక్క గాజే తీసి కుర్చీ మీద పెట్టింది.

"పొయ్యి కాడ వీపు చూపిచ్చి కూసుంటుంటివి. పొగకు అనుకున్న" అన్నది.

బస్టాండులో సాబేరా ఎల్లారెడ్డి బస్సు వైపు నడవబోతే, అత్త చెయ్యి పట్టుకుని దోమకొండ బస్సెక్కించి పక్కన కూర్చుంది. బస్సు ఊరు దాటినంక నోరు తెరిచింది.

"కాయిదా ప్రకారం మొగుడు పోయినంక ఇద్దత్ దినాలు నా ఇంట్లనే కూసోవాలె. గని నువ్వు ఏడిస్తె నాకు వినపడది బేటీ. ఏడుపు వినేటోళ్లు ఉండాలె. మీ అమ్మ దగ్గర కూసో. అయినంక నీ బతుకు నువ్వు చూస్కో. నా కోసం మళ్ల రాకు."

"మరి మీరు, అమ్మీ?"

కదిలిన పెదాలు చూసి హమీదున్నీసా కిటికీ వైపు తిరిగిపోయింది.

దోమకొండ చేరేసరికి పొద్దు గుంకుతోంది. సాబేరా తల్లి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. బిడ్డ ఉత్త చేతులు చూసింది, వియ్యపురాలి మొహం చూసింది. సాబేరా లోపలికి పోయి నులకమంచం మీద పడి, ఒక్కసారిగా బావురుమంది. తల్లి చాట వదిలేసి లోపలికి ఉరికింది.

ఏం వినపడక, హమీదున్నీసా వాకిట్లో కూర్చుని, చెదిరిన బియ్యం గింజలు ఏరి చాటలో వేస్తూ ఉండిపోయింది, తిరుగు బస్సు వచ్చేదాకా.