నా సవతి ప్లేట్ రీడర్

నేను ఒక పాత మైక్రోస్కోపును. నా మీద కప్పిన గుడ్డ సందులోంచి చూస్తుండగానే నూకరాజు సీసా మూత తీసి, పసుపురంగు పొడిని నోట్లో పోసుకోబోతున్నాడు. అతని అక్క హైమావతి ఆ చేతిని పట్టుకుని వేలాడుతోంది.

"వదిలీ అక్కా! మందు పనిచేస్తందని నీ యంత్రమే చెప్పింది కదేటి?"

"ఇంకా ఎలకలకే పెట్టలేదురా!"

"నాకే ముందెట్టు. నాన్నకున్న రోగం నాకొచ్చింది, నీకు రాలేదు. నీకేటి తొందర?"

హైమ మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

నూకరాజు విశాఖ హార్బర్‌లో క్రేన్ నడిపేవాడు. చేతులు వాటంతటవే ఎగరడం మొదలయ్యాక అతన్ని క్రేన్ ఎక్కనివ్వడం లేదు. మెదడు కణాల్లో చెడ్డ ప్రోటీన్ ఉండలు కట్టే వంశపారంపర్య జబ్బు అది. ఆ ఉండలను ఆపే మందు కోసమే హైమ ఈ ల్యాబులో వెతుకుతోంది.

మందు దొరికిందని చెప్పింది నేను కాదు, నా సవతి. నేనేమో అంబాలా మైక్రోస్కోపుల ఫ్యాక్టరీలో పుట్టి, మెడికల్ కాలేజీ కుర్రాళ్ల మొరటు చేతులు భరించి, మలేరియా ఆసుపత్రిలో ఊరందరి నెత్తురూ చూసి ఇక్కడికొచ్చాను. హైమ రోజూ నాకు కన్ను ఆనించేది. ప్లేట్ రీడర్ అనే ఆ కొత్త యంత్రం రాగానే ఏసీ గాలి దానికి, దుమ్ముగుడ్డ నాకు. ఉండలకు అంటుకుంటే మెరిసే రంగు ఒకటుంది. ఆ మెరుపును కొలవడమే దాని ఘనకార్యం. ఒక్క ఉండనైనా కళ్లారా చూసిన పాపాన పోలేదు. అయినా మనుషులకు తెరమీద అంకె కనబడితే చాలు. పసుపురంగు పొడి కలిపితే మెరుపు లేదని, అంటే ఉండలే కట్టలేదని అది చెప్పిన రోజు ల్యాబంతా మిఠాయిలు పంచారు. నేను గుడ్డ కింద ఉడికిపోయాను.

"ఒక్క పరీక్ష చేస్తాను, ఆగరా. తర్వాత నీ ఇష్టం," అంది హైమ.

నూకరాజు సీసా పట్టుకునే నిలబడ్డాడు. ఆమె ముందే గట్టిగా ఉండకట్టి మెరుస్తున్న ప్రోటీన్ తీసుకుని, అందులో సీసాలోని పసుపురంగు పొడి కాస్త కలిపి యంత్రంలో పెట్టింది. అంకె ఢమాల్న పడిపోయింది.

"చూసినావా! కరిగిపోనాయి!"

హైమ నవ్వలేదు. "రోజుల తరబడి గట్టిపడ్డవి రెప్పపాటులో ఎలా కరుగుతాయిరా?"

నా గుడ్డ లాగేసింది. అదే చుక్కను నా కింద పెట్టి వంగింది. ఎన్నాళ్లకు తగిలాయి ఆ కనురెప్పలు! ఉండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటీ చెక్కుచెదరలేదు. అను తల్లీ, ఆ యంత్రమే దొంగని గట్టిగా అను, అని లోపల గంతులేశాను.

నూకరాజు కూడా చూశాడు. తల నిలవక మళ్లీ మళ్లీ చూశాడు. "ఉన్నాయే... అయితే యంత్రం అబద్ధమాడీసిందా?"

"లేదురా. పాపం, దానికి అందిన వెలుగే అది చెప్పింది." తమ్ముడి వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి హైమ సీసా లాక్కుంది. "తన రంగుతో ఉండల మెరుపును తాగేసి మనందరినీ మోసం చేసింది ఇదిగో, ఈ పసుపు మందే!"