నాలుగు వేళ్ళ వాలు

పొద్దు పొడవకముందే హుసేనయ్య బస్సు డ్రైవరు సీటులో ఇసుక మనిషిని కూర్చోబెడుతున్నాడు. అడుగున ఒక గోనెసంచి, దాని మీద నిలువుగా ఇంకొకటి. రెండూ కలిస్తే డ్రైవరు పెంచలయ్య బరువు.

బస్సులు బొగ్గుతో నడిచిన నాటినుంచి ఆత్మకూరు షెడ్డులో సీట్లు కుట్టేది అతడే. నోట్లో ఎప్పుడూ మేకులు. మేకుల వల్ల మాట తగ్గిందో, మాట తక్కువ కనక మేకులు పెట్టుకున్నాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు చూపు ఆనక సూదిలో దారం ఎక్కడం లేదు. సీతారామపురం నుంచి చెల్లెలు వచ్చేయమని కబురు పెట్టింది. పెట్టె సర్దుకుని నెలైంది. కానీ పోలేకపోయాడు.

పోయిన నెల బ్రేకు ఇన్‌స్పెక్టరు పరీక్షలో బస్సు సున్నపు గీత దాటి నాలుగు గజాలు పోయి ఆగింది. పెంచలయ్య కాల్లో సత్తువ లేదన్నారందరూ. ఈసారీ తప్పితే అతణ్ణి మాన్పిస్తానన్నాడు యజమాని జనార్దనయ్య. తప్పెక్కడో హుసేనయ్యకు తెలుసు. ఆ పరీక్షకు ముందు సీటు కొత్తగా కుట్టి, ఖాళీగా ఉన్నప్పుడే కొలిచి వీపుచెక్క బిగించాడు. మనిషి కూర్చోగానే కొత్త కొబ్బరిపీచు కుంగింది, వీపు వెనక్కి వాలింది, పొట్టి మనిషి కాలు బ్రేకును అడుగంటా తొక్కలేకపోయింది.

ఇసుక మనిషిని బాగా కుంగనిచ్చి, భుజం దగ్గరనుంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు వేలాడదీశాడు. తుంటి దగ్గర పెట్టిన సున్నపు చుక్కకు దారం ఎనిమిది వేళ్ళ వెనక ఉంది. చెక్కను ముందుకు జరిపి నాలుగు వేళ్ళకు తెచ్చి బోల్టులు బిగించాడు. గుండు విప్పకుండానే సంచులు దించి, అలాగే ఒకదాని మీద ఒకటి షెడ్డు గోడకు ఆనించాడు.

పెంచలయ్య ఎక్కి బ్రేకు తొక్కి చూశాడు.

"ఏంది మామా, రాత్రికి రాత్రే నా కాలు పెరిగినట్టుండాదే."

హుసేనయ్య పానా సంచిలో వేసుకున్నాడు.

పదిగంటలకు ఉదయగిరి రోడ్డు మీద పరీక్ష. హుసేనయ్య తుమ్మచెట్టు కింద కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. టైర్లు కీచుమన్నాయి. కళ్ళు తెరిస్తే ముందు చక్రాలు గీతకు జానెడు ఇవతలే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు.

హుసేనయ్య మేకులు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు.

"పోయిన నెల తప్పు నీ కాలిది కాదురా పెంచలయ్యా. నాది. ఖాళీ సీటుకు కొలత పెట్టినాను."

పెంచలయ్య వంగి కాలు తడుముకున్నాడు.

"నెలంతా ఈ కాలికి ఆముదం రుద్దించుకున్నానే మామా" అన్నాడు.

ముందు నవ్వింది హుసేనయ్యే. తప్పు తనదేనని యజమానికీ చెప్పాడు. జనార్దనయ్య గొణిగి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం హుసేనయ్య అదే బస్సులో పెట్టెతో కూర్చున్నాడు. ఉదయగిరి దాకా బస్సు, అవతల చెల్లెలు పంపిన ఎద్దుబండి. వెనక్కి చూడలేదు.

బస్సు లేపిన గాలికి షెడ్డులో, గోడకు ఆనిన ఇసుక మనిషి భుజం నుంచి వేలాడే ఇత్తడి గుండు రెండుసార్లు ఊగి, నిటారుగా నిలిచింది.