ఇంటికి తెచ్చిన సైకిలు

సైకిలు మెకానిక్ తన సైకిలు తొక్కుతూ, బాగుచేసిన రెండోదాన్ని ఎడమచేత్తో పక్కనే నడిపించుకొస్తున్నాడు. హ్యాండిల్ కొస పట్టుకుంటే చక్రం అడ్డం తిరుగుతుంది, నడిమధ్య పట్టుకుంటే కుక్కపిల్లలా వెంట వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఒక్క గీత పడనివ్వకుండా ఇంటింటికీ అలాగే చేరవేస్తున్నాడు.

సందు మలుపులో, వారం రోజులు ఊళ్లో లేక ఆ పూటే దిగిన లావుపాటాయన అడ్డం వచ్చి చొక్కా పట్టుకున్నాడు.

"ఇది నా సైకిలురా. ఎప్పుడు కొట్టేశావు?"

మెకానిక్ నోరు తెరిచేలోపే మూతి మీద గుద్దు పడింది. రెండు సైకిళ్లూ అతని మీదే కూలాయి. లావుపాటాయన డొక్కలో తన్నాడు. అతని పనిముట్ల సంచిలోంచి గాలి పంపు లాక్కుని గొడ్డును బాదినట్టు బాదాడు.

చప్పుడుకి ఎదురుగా ఉన్న తన ఇంటి తలుపు తెరుచుకుని లావుపాటాయన భార్య పరుగెత్తుకొచ్చింది.

"రిపేరుకి నేనే ఇచ్చానండీ. ఇంటికి తెమ్మన్నాను."

లావుపాటాయన పంపు పడేశాడు. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా," అన్నాడు మెకానిక్‌తో.

మెకానిక్ నెత్తురు ఉమ్మి, ఊడిన పన్ను జేబులో వేసుకుని, సంచిలోంచి సుత్తి తీశాడు. లావుపాటాయన రెండడుగులు వెనక్కి వేశాడు. మెకానిక్ ఆయన వంక చూడనైనా లేదు. పొద్దున్నుంచీ వంకర తీసిన ముందు చక్రాన్ని, పుల్లలు తెగేదాకా మోదాడు.

"మీరిచ్చినప్పుడు ఇలాగే ఉందమ్మా," అన్నాడు ఆవిడతో. "సరిచూసి తీసుకోండి."