ఎడమవైపు తక్కువ

శ్రీహరిరావు చెవి మీద ఆఫీసులో అందరికీ మహా గురి. ఎవరు టేప్‌రికార్డర్ కొన్నా, ఎవరింట్లో సీడీ ప్లేయర్ గరగరలాడినా ముందు ఆయనకే వినిపించేవాళ్లు. ఆయన కళ్లు మూసుకుని విని ఒక్క మాట అనేవాడు. ఇక దానిమీద అప్పీలు లేదు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఉప్పుగూడలో స్థిరపడ్డ ఆ గుమస్తాకి ప్రమోషన్లు రాలేదు గానీ ఈ పేరొచ్చింది. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

రెండువేల ఎనిమిదిలో ఒకరోజు, హుస్సేనీ ఆలంలో కంప్యూటర్ల దుకాణం నడిపే నసీరుద్దీన్ ఆయన్ని అక్కడికి పిలిచి, ముందు సబ్బుపెట్టెంత నల్ల డబ్బా ఒకటి పెట్టాడు.

"డ్యాక్, ఆంప్ రెండూ దీంట్లనే ఉన్నయి రావుసాబ్. కంప్యూటర్ల పాట దీంట్లకెల్లి వోతే హెడ్‌ఫోన్‌ల సాఫ్‌గ ఇనవడ్తది. కొత్తగ మొదలువెట్టెటోళ్లకు అగ్గువ. దుకాణం నిండ ఇవే తెప్పిచ్చిన. మీరు మంచిగుందంటే మీ ఆఫీసోళ్లంత కొంటరు. లేదంటే మా ఇంటామె ఖైసర్ నన్ను ఇంట్లకు రానియ్యదు."

శ్రీహరిరావు హెడ్‌ఫోన్ తగిలించుకుని కళ్లు మూశాడు. వయొలిన్ సాగుతోంది.

"ఎడమవైపు తక్కువ," అన్నాడు.

ఆ చెవిని అనుమానించే ధైర్యం నసీరుద్దీన్‌కి లేదు. డబ్బా విప్పి లోపలి స్క్రూని ఎడమవైపు పెరిగేలా కాస్త తిప్పాడు. తక్కువే. మళ్లీ తిప్పాడు. "ఇంకొంచెం," అన్నాడు న్యాయమూర్తి. చాయ్ రెండుసార్లు చల్లారిపోయింది. చివరికి రెండువైపులా సమానమై, శ్రీహరిరావు తల పంకించాడు.

"షుకర్ హై," అన్నాడు నసీరుద్దీన్ చెమట తుడుచుకుంటూ. "మిగిలిన డబ్బాలన్నీ ఇప్పుడే గిట్లనే తిప్పేస్త."

శ్రీహరిరావు గర్వంగా ఆ డబ్బా ఇంటికి తెచ్చి కంప్యూటర్‌కి కలిపి, హెడ్‌ఫోన్ భార్య వెంకటలక్ష్మి తలకి తగిలించాడు. ఆవిడ ఒక్క క్షణంలో ఊడబెరికింది.

"ఎడమ చెవి అదిరిపోయిందండీ. కుడివైపు ఎవరో గొణుగుతున్నారు."

"వినడం కూడా ఒక విద్య లక్ష్మీ," అన్నాడాయన జాలిగా.

ఆవిడ హెడ్‌ఫోన్ కుడిఎడమలు తిరగేసి ఆయనకు పెట్టింది. ఇప్పుడు కుడి చెవిలో హోరు, ఎడమ చెవిలో నిశ్శబ్దం. ఆయన హెడ్‌ఫోన్ తీసేశాడు గానీ ఒప్పుకోలేదు. ఆవిడ తన మామూలు చోట, ఆయనకు ఎడమపక్కన కూర్చుంది. పూజలోనైనా టీవీ ముందైనా ఆవిడ చోటు అదే. భార్య ఎడమపక్కనే ఉండాలని పెళ్లైన కొత్తలో పట్టుబట్టింది ఆయనే. అక్కణ్నుంచి ఏదో అంది. ఆయన అలవాటుగా చిరునవ్వుతో తల ఊపాడు.

ఆవిడ లేచి ఎదురుగా నిలబడింది. "ఏమన్నానో చెప్పండి."

"ఏమీ అనలేదుగా."

"మా అన్నయ్య రేపు సామాన్లతో సహా దిగుతున్నాడన్నాను. ఏడాది ఉంటానన్నాడు, రమ్మననా అని పోయిన నెలలోనే అడిగాను. అప్పుడూ ఇలాగే తల ఊపారు."

శ్రీహరిరావుకి విషయం అప్పటికి బోధపడింది. వయసు మీదపడి లక్ష్మి సాధువైపోయిందని, పల్లెత్తు మాట అనడం లేదని ఆఫీసంతా చెప్పుకున్నాడు. పాపం, ఆవిడ రోజూ అంటూనే ఉంది.

సిగ్గుతో పాటు భయమూ వేసింది. డబ్బా బాగాలేదనేస్తే చెవి పరువు దక్కుతుంది. నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన ఆయనకు వచ్చింది. కానీ అక్కడ నసీరుద్దీన్ మంచి డబ్బాలన్నిటినీ పాడుచేస్తూ కూర్చున్నాడు. ఫోన్ తీసి, ఎప్పటిలాగే కుడి చెవికి ఆనించాడు.

"నసీర్ భాయ్, స్క్రూలు ముట్టుకోకు. డబ్బా బంగారం. నా ఎడమ చెవే పోయింది. రేపు ఆఫీసులోనూ ఇదే చెబుతాను."

అవతల స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"సగం తిప్పేసిన సాబ్," అన్నాడు నసీరుద్దీన్ నెమ్మదిగా. "మీ అసొంటోళ్లు ఆఫీసుల ఇంకెవరన్న ఉన్నరా?"

ఫోన్ పెట్టేసి తల తిప్పేసరికి వెంకటలక్ష్మి తన కుర్చీని కుడిపక్కకు లాక్కుని తీరిగ్గా కూర్చునుంది.

"ఇప్పుడు మొదటినుంచీ చెప్తాను, వినండి," అంది.