ముప్పై ఎనిమిదో పేజీ

కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతుంటే మా అత్త సుందరి గుమ్మంలోంచి అడిగింది: "బొమ్మలు లెక్కెట్టడానికి ఎమ్మే సదవాలేటే?"

నవ్వి ఊరుకున్నాను. పెళ్ళయిన మూడేళ్ళలో నాకు బాగా వంటబట్టిన పని అదే. ఈ బెంగాలీల ఊళ్ళో, ఖిదిర్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్స్‌లో మాది రెండు గదుల ఇల్లు. నా భర్త హరీష్ కార్పొరేషన్ చెత్త లారీ నడుపుతాడు. చదువు మానమని ఆయనెప్పుడూ అనలేదు. "సదువుకో, ఎవులొద్దన్నారు. ఇంటిపని ఆగకుండా సూసుకో" అంటాడు. మొదటి మాట అందరికీ వినపడుతుంది. రెండోది నన్ను రోజూ నాలుగింటికే లేపుతుంది.

ఎమ్మే చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ముక్కలు అతికించి ఇళ్ళూ ఊళ్ళూ కట్టుకునే బొమ్మల సెట్లు తయారుచేసే కంపెనీలో నాకూ, నా క్లాసువాడు ఆశిష్‌కీ దొరికింది. ఆ సెట్లలో ఉండే చిన్న చిన్న మనుషుల్లో ఆడవాళ్ళెందరు, నల్లగా ఉన్నవాళ్ళెందరు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళెందరు, ఎవరి చేతిలో ఏం పెట్టారు, ఇవన్నీ చూసి నివేదిక రాయాలి. మా పై అధికారి నరసింహం గారు, విశాఖపట్నం నుంచి బదిలీ మీద వచ్చిన తెలుగాయన. మొదటిరోజు నా పేరు వినగానే ఆయన మొహం విప్పారింది.

"పుష్పరాణి. మన తెలుగమ్మాయివా. మీ నాన్నగారేం చేస్తారమ్మా?"

"వీధులు ఊడుస్తారండి. కార్పొరేషన్లో."

ఆయన నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు మెల్లగా దిగి నా చెప్పుల దగ్గర ఆగాయి. ఆశిష్‌ని ఆ ప్రశ్న అడగలేదు. మర్నాటి నుంచి మీటింగుంటే టీ పని నాదయింది. "మనింటి పిల్లవని చనువుగా చెప్తున్నా" అనేవారు.

అరవై రెండు సెట్లు విప్పాను. నాలుగువందల పదిమంది మనుషుల్లో ఆడవాళ్ళు తొంభైముగ్గురు. వాళ్ళలో సగానికి పైగా చేతిలో ట్రేయో, పసిబిడ్డో, కుక్కపిల్లో. చెత్త లారీ ఉంది, నడిపేవాడున్నాడు, ఊడ్చే మనిషి మాత్రం లేదు. ఇంటింటా కుట్టుమిషన్లుండే మెటియాబ్రుజ్‌లో ఒక బడికి పద్నాలుగు శనివారాలు వెళ్ళాను. మీ వీధి కట్టండర్రా అంటే ఒక పిల్ల పెట్టె అంతా గాలించి, "దీదీ, మిషన్ కుట్టే అమ్మ ఏది?" అంది. చివరికి పైలట్ బొమ్మ టోపీ పీకేసి, బోడితల మీద పెన్నుతో జుట్టు గీసి, అమ్మని చేసుకుంది. ఆ పిల్ల మాటతోనే నివేదిక మొదలుపెట్టాను. ఆశిష్ ఒక్క శనివారం వచ్చాడు, ఫోటోలు తీసుకుని వెళ్ళాడు.

ముప్పై ఏడు పేజీలూ నేనే రాశాను. నరసింహం గారు మొదటి పేజీ మాత్రం చూశారు.

"ఆశిష్ పేరు పెట్టమ్మా. హెడ్డాఫీసు నుంచి నందితా సేన్ వస్తున్నారు, అతనైతే ఇంగ్లీషులో ధాటిగా చెప్తాడు. నీ పేరు కృతజ్ఞతల్లో వేద్దాంలే. పెళ్ళయినదానివి, రేపు ఉద్యోగం చేస్తావా ఏమైనా."

"సరేనండి" అన్నాను. బస్సులో ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఇంట్లో చెప్తే హరీష్, "పెద్దోళ్ళతో మనకెందుకే, సర్దుకుపో" అన్నాడు. సర్దుకోవడానికి నాలో ఇంక చోటు లేదని ఆయనకెలా చెప్పను?

పని ఎవరు ఎలా చేశారో నివేదిక చివర అధికారి సంతకంతో ఒక పేజీ రాయాలని మా కాలేజీ నిబంధన. కూర్చుని రాశాను. పెద్ద మాట ఒక్కటీ వాడలేదు. "చివరి పేజీ కొత్తగా చేర్చానండి, చూడండి" అని చెప్పి మరీ ఇచ్చాను. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే దాని కింద సంతకం పెట్టి, ఖాళీ కప్పు నావైపు తోశారు. ఆశిష్‌కి వారం ముందే ఫైలు పంపాను. అతను తెరవలేదు.

హెడ్డాఫీసు ఆవిడ వచ్చిన రోజు ఆశిష్ తెర మీద పేజీలు తిప్పుతూ ధాటిగా చదువుకుపోయాడు. నేను గోడ పక్కన ట్రేతో నిలబడ్డాను. నందితా సేన్ మధ్యమధ్య మెచ్చుకుంటున్నారు. ముప్పై ఎనిమిదో పేజీ వచ్చింది. అదే ఊపులో అదీ చదివేశాడు.

"బడికి వెళ్ళిన శనివారాలు: పుష్పరాణి పద్నాలుగు, ఆశిష్ ఒకటి. నివేదిక రాసింది: పుష్పరాణి. మీటింగుల్లో టీ ఇచ్చింది: పుష్పరాణి, ఇరవై ఆరుసార్లు. తండ్రి ఏం చేస్తాడని అధికారి అడిగింది: పుష్పరాణిని మాత్రమే."

అక్కడ ఆగి నరసింహం గారి వైపు చూశాడు.

"ఆపావేం? మిగిలింది చదువు" అన్నారు నందితా సేన్.

"పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను. నరసింహం."

"పుష్పరాణి ఎవరు?"

ట్రే బల్ల మీద పెట్టాను. "నేనే."

తర్వాత వరండాలో నరసింహం గారు నా వెనకాలే వచ్చారు. "పొరపాటున రాశానని ఆవిడతో చెప్పమ్మా. నా ఉద్యోగం మీదికొచ్చింది. ఒకే భాషవాళ్ళం."

జాలి కలుగుతుందేమోనని ఆగి చూసుకున్నాను. కలగలేదు. హాయిగా ఉంది. ఆ హాయికి నాకే కాస్త భయం వేసింది, అయినా వదులుకోబుద్ధి కాలేదు.

"పొరపాట్లేం లేవండి. రెండుసార్లు సరిచూశాను" అన్నాను.

ఇంటికెళ్ళి, అన్నాలప్పుడు చెప్పాను. హరీష్ కంగారుపడ్డాడు. "పిల్లలు గలోడు, ఉసురు తగుల్తాదే. రేపెళ్ళి సెమించమని అడుగు."

"ఆడదానికి అంత పగేటే?" అంది అత్త.

"పగే అత్తా" అన్నాను.

ఇంకా వడ్డించని వాళ్ళిద్దరి కంచాలూ ఖాళీగా నా ముందున్నాయి. ముందు నా కంచంలో అన్నం పెట్టుకుని, పెద్ద చేపముక్క వేసుకుని, తినడం మొదలుపెట్టాను.